రాత్రే మసాలా పట్టించిన ఆలుగడ్డ: ముందు ఏది, తర్వాత ఏది?



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి మాట్లాడటం అయిపోయాక, కుర్చీలోంచి లేవబోతూ చాలామంది అమ్మలు అడిగే మాట ఒకటుంది. "మేడమ్, బాక్స్ సరిగ్గా తింటున్నాడా?" ఆ మధ్య ఒకావిడ ఇంకో అడుగు ముందుకు వేసి అడిగారు. "ఆలూ ఫ్రై పెట్టిన రోజే బాక్స్ ఖాళీ అవుతోంది. బస్సు ఆరున్నరకే వచ్చేస్తుంది. రాత్రే ముక్కలు కోసి, కొత్తిమీర, పుదీనా, ఉప్పు, నిమ్మరసం అన్నీ పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొద్దున్న పెనం మీద వేసుకుంటే చాలు కదండీ?"

"చక్కగా పెట్టుకోవచ్చండీ" అన్నాను నేను. అడిగింది సైన్స్ టీచర్‌ని కాబట్టి ఆవిడ నమ్మారు.

ఇంటికి వెళ్లాక నాకూ ఆశ పుట్టింది. ఆ రాత్రి అదే చేశాను. పచ్చి ఆలుగడ్డ ముక్కలు, ఉప్పు, నిమ్మరసం, పచ్చగా రుబ్బిన కొత్తిమీర, పుదీనా. తెల్లవారి డబ్బా తీసి చూస్తే అడుగున ఇన్ని నీళ్లు. ముక్కలు మెత్తబడి, వంచితే వంగుతున్నాయి. పచ్చగా ఉండాల్సిన ముద్ద ఎండిన గడ్డి రంగులోకి తిరిగింది. సరే, పెనం మీద వేస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. పావుగంట వేయించినా పైన మాడుతోంది, లోపల కసుక్కుమంటోంది. ఆ రోజు మా ఇంట్లో బాక్సుల్లోకి పెరుగన్నం వెళ్లింది.

విచిత్రమేమిటంటే, ఇలా ఎందుకవుతుందో నేను ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూనే ఉన్నాను. అందుకే ఈ నెల ఈ పేజీలో ఆవిడకి ఇవ్వాల్సిన సరైన జవాబు రాస్తున్నాను. మీలో ఇంకెవరికైనా పనికొస్తుంది.

పుస్తకంలో ఉన్న ఆలుగడ్డ

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్స్ పుస్తకంలో కణం గురించిన పాఠం చివర మేం ఏళ్లుగా చేయిస్తున్న ప్రయోగం ఒకటుంది. ఆలుగడ్డల్ని సగానికి కోసి, చెక్కు తీసి, మధ్యలో తొలిచి నాలుగు గిన్నెల్లా చేస్తారు. ఒకటి ఖాళీగా ఉంచుతారు. ఒకదాంట్లో చెంచా చక్కెర, ఇంకొకదాంట్లో చెంచా ఉప్పు వేస్తారు. నాలుగోది ఉడికించిన ఆలుగడ్డతో చేసింది, దాంట్లోనూ చక్కెరే. నాలుగింటినీ నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టి రెండు గంటలు ఆగాలి. పచ్చి ఆలుగడ్డలో చక్కెర, ఉప్పు వేసిన గిన్నెల్లో నీళ్లు ఊరతాయి. ఉడికించిన దాంట్లో అలా ఊరవు.

పచ్చి ఆలుగడ్డ ప్రాణమున్న వస్తువు. దాని కణాల చుట్టూ ఉండే పొర నీటిని రానిస్తుంది, పోనిస్తుంది గానీ ఉప్పును, చక్కెరను అంత సులువుగా దాటనివ్వదు. పైన ఉప్పు వేస్తే లోపలి నీరు బయటికి వస్తుంది, ఉప్పు మాత్రం లోపలికి పెద్దగా వెళ్లదు. నా డబ్బా అడుగున చేరిన నీళ్లు అవే. మనం "మసాలా పడుతోంది" అనుకుంటున్న ఆ ఎనిమిది గంటలూ జరిగింది దానికి సరిగ్గా తలకిందుల పని.

ఉడికించాక ఆ పొర చెదిరిపోతుంది, ఇక అడ్డం ఉండదు. ఉడికే నీళ్లలోనే ఉప్పు వేస్తే ముక్క లోపలి దాకా వెళ్తుంది. కాబట్టి ఆలుగడ్డకి రాత్రే మసాలా పట్టించాలంటే ముందు ఉడికించాలి. చికెన్‌కి పట్టించినట్టు పచ్చిదానికి పట్టిస్తే లాభం లేదు. మొదటి తప్పు అదీ.

పులుపు ఎప్పుడు?

రెండో తప్పు నిమ్మరసం. దీనికి పుస్తకం అక్కర్లేదు, మీ అత్తగారినో అమ్మగారినో అడిగితే చాలు. పప్పు మెత్తగా ఉడికాకే చింతపండు పులుసు పోస్తారు. ముందే పోస్తే గింజ ఎంతసేపటికీ మెదగదని వాళ్లకి తెలుసు. ఆలుగడ్డదీ అదే వరస. కూరగాయల కణాల్ని ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురులాంటి పదార్థం పేరు పెక్టిన్. వేడి నీళ్లలో అది కరుగుతూ పోతే ముక్క మెత్తబడుతుంది. పులుపు తగిలితే ఆ కరగడం మందగిస్తుంది. నిమ్మరసంలో రాత్రంతా ఉన్న నా పచ్చిముక్కలు పొద్దున్న మొండికేయడానికి ఇదొక కారణం.

రంగు పోవడానికీ పులుపే కారణం. ఆకుల్లోని పచ్చదనాన్నిచ్చే పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. ఆమ్లం తగిలితే ఆ మెగ్నీషియం జారిపోయి ఆకు ముదురు పసరు రంగుకు, ఆ తర్వాత మట్టి రంగుకు తిరుగుతుంది. పిల్లలు సాయంత్రం వరకూ డబ్బా మూత తీయకుండా తిరిగి తెచ్చిన కొత్తిమీర చట్నీ మీరు చూసే ఉంటారు. అదే కథ. కాబట్టి నిమ్మకాయ పొద్దున్నే, అదీ స్టవ్ ఆపాక పిండాలి. ఇనుప మూకుడులో వేయిస్తుంటే ముక్కల్ని పళ్లెంలోకి తీసుకున్నాకే పిండండి. లేకపోతే ఇనుము రుచి అంటుకుంటుంది.

ఏ ఆకులు?

సూపర్ మార్కెట్‌లో చిన్న సీసాల్లో థైమ్, ఒరెగానో, రోజ్‌మేరీ అమ్ముతున్నారు. వేళ్లంత సీసాకి ధర మాత్రం కొండంత. యూరప్ వంటల్లో ఆలుగడ్డకి పట్టించేవి అవే. కానీ ఒక సంగతి గమనించండి. థైమ్‌కి ఆ వాసననిచ్చే ముఖ్యమైన పదార్థం థైమాల్. మన పోపుల డబ్బాలో వాము ఉందే, దాని ఘాటుకి కారణమూ ఆ థైమాలే. ఒరెగానో వాసనకి ప్రధానమైనది కార్వక్రాల్. కుండీలో పెంచుకునే వామాకు, అదే బజ్జీలు వేసుకునే దళసరి ఆకు, దాంట్లోనూ అది దండిగా ఉంటుంది. (వామాకు మొక్క, వాము గింజలిచ్చే మొక్క వేర్వేరు. వాసన దగ్గరగా ఉండటం వల్ల ఆ పేరొచ్చింది.) పిల్లలు పిజ్జాతో పాటు వచ్చిన ఒరెగానో పొట్లాలు దాచుకుంటూ ఉంటారు కదా, ఒక పొట్లం చింపి ఒక చేతిలోనూ, నలిపిన వామాకు ఇంకో చేతిలోనూ పెట్టి వాసన చూడమనండి. ఎనిమిదో తరగతి అబ్బాయి మొహంలో ఆశ్చర్యం చూడటానికి ఇంతకన్నా చవకైన మార్గం నాకు తెలీదు.

ఈ వాసన పదార్థాలు నీళ్లలో కంటే నూనెలో బాగా కలుస్తాయి. అందుకే నలిపిన వాము, మిరియాల పొడి, వెల్లుల్లి ముందు నూనెలో కలిపి ఆ నూనెనే ముక్కలకి పట్టించాలి.

చేసే పద్ధతి

నలుగురికి సరిపోయేలా ముప్పావు కిలో ఆలుగడ్డలు తీసుకోండి. చిన్నవైతే సగానికి, పెద్దవైతే బొటనవేలు కణుపంత ముక్కలు. తొక్క పల్చగా, శుభ్రంగా ఉంటే తీయనక్కర్లేదు. పచ్చగా మారిన చోట్లు, మొలకలు మాత్రం లోతుగా కోసి తీసేయాలి. ఆ పచ్చదనం ఉన్నచోట సొలనిన్ అనే విషపదార్థం పెరిగి ఉంటుంది, ఉడికించినా పోదు. గడ్డ చాలావరకూ పచ్చగా ఉన్నా, తింటే చేదుగా ఉన్నా మొత్తం పారేయడమే మంచిది. పది రూపాయల గడ్డ దగ్గర పొదుపు వద్దు.

లీటరున్నర చల్లటి నీళ్లలో టేబుల్ స్పూన్ ఉప్పు వేసి, ముక్కలు కూడా వేసి అప్పుడు స్టవ్ వెలిగించండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చిదికిపోతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. మరగడం మొదలయ్యాక పది, పన్నెండు నిమిషాలు. చాకు మొన గుచ్చితే దిగాలి, ముక్క విడిపోకూడదు. కుక్కర్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఒక విజిల్ ఎక్కువైందంటే అది ఫ్రై కాదు, కుర్మా అయిపోతుంది.

నీళ్లు వంపేసి, ముక్కల్ని జల్లెడ గిన్నెలోనే ఉంచి నాలుగైదుసార్లు కుదపండి. అంచులు కాస్త చెదిరి గరుకుగా అవుతాయి. ఈ చిన్న పని వదిలేయకండి. మసాలా ముక్క లోపలికి ఇంకేది తక్కువ, పైన గరుకుని పట్టుకునేదే ఎక్కువ. పొద్దున్న కరకరలాడేది కూడా ఆ గరుకే.

వేడి మీదే రెండు టేబుల్ స్పూన్ల నూనెలో చెంచా నలిపిన వాము, అరచెంచా మిరియాల పొడి, దంచిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు పసుపు కలిపి పట్టించండి. తర్వాత వెడల్పాటి పళ్లెంలో ఒకే వరసగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. అరగంటలో చల్లారుతుంది. చల్లారాక సన్నగా తరిగిన కొత్తిమీర ఒక చిన్న కట్ట కాడలతో సహా, పది పదిహేను పుదీనా ఆకులు, రెండు రెబ్బల కరివేపాకు, ఉంటే నాలుగు వామాకులు తరిగి కలపండి. కొత్తిమీర కడిగాక తడి పూర్తిగా ఆరాలి. మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి.

పొద్దున్న పెనం బాగా వేడెక్కాక చెంచా నూనె వేసి ముక్కల్ని పరిచి, నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఇదే కష్టం, చేతిలో గరిటె ఉంటే ఊరుకోలేం. ఆ తర్వాత తిప్పుతూ ఇంకో ఆరేడు నిమిషాలు. మొత్తం పది, పన్నెండు నిమిషాల పని. ఎయిర్ ఫ్రయర్ ఉంటే 200 డిగ్రీల దగ్గర పావుగంట, మధ్యలో ఒకసారి కుదిపితే సరి. ముక్క మధ్యలో కూడా పొగలొచ్చేంత వేడెక్కాలి. పైన మాత్రం బంగారు రంగు దగ్గరే ఆపేయండి. పిండి పదార్థమున్న ఆహారాన్ని ఎక్కువ వేడిలో బాగా ఎర్రగా, గోధుమ రంగు దాటేలా వేయిస్తే అక్రిలమైడ్ అనే అక్కర్లేని పదార్థం తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఉడికించిన వాటిలో ఆ సమస్య లేదు. మన పద్ధతిలో ముక్క ముందే ఉడికి ఉంటుంది కాబట్టి వేయించే సమయమూ తగ్గుతుంది.

రాత్రంతా చల్లగా ఉండటం వల్ల ఇంకో మేలుంది. ఉడికిన పిండి పదార్థం చల్లారినప్పుడు మళ్లీ గట్టిపడుతుంది. అందుకే అప్పుడే ఉడికించిన ముక్క పెనం మీద చిదికిపోతుంది, రాత్రి ఫ్రిజ్‌లో ఉన్న ముక్క నిలబడుతుంది. అలా గట్టిపడిన దాంట్లో కొంత భాగం త్వరగా అరగదు, పీచులా పనిచేస్తుంది. మళ్లీ వేడి చేసినా కొంత అలాగే మిగులుతుంది. దీన్ని పట్టుకుని "ఆలుగడ్డ షుగర్‌కి మందు" అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లని మాత్రం నమ్మకండి.

"ఫ్రిజ్‌లో ఆలుగడ్డ పెట్టకూడదంటారు కదా?" అని కొందరు అడుగుతారు. అది పచ్చి గడ్డల మాట. బాగా చల్లటి చోట పచ్చి గడ్డలోని పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది, వేయిస్తే త్వరగా నల్లబడుతుంది. ఆ మార్పు చేసే ఎంజైములు ఉడికేటప్పుడే పనిచేయడం మానేస్తాయి కాబట్టి ఉడికించిన ముక్కకి ఆ చిక్కు లేదు. చిప్స్ కంపెనీలు వాడే కుఫ్రీ చిప్సోనా లాంటి రకాల్ని సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ తయారుచేసింది కూడా ఇలా నల్లబడకుండా ఉండటానికే, వాటిలో చక్కెర తక్కువ.

అసలు జాగ్రత్త ఇక్కడ

ఇంతవరకూ రుచి సంగతి. ఇప్పుడు చెప్పేది కొంచెం నిదానంగా చదవండి. ఉడికించిన ఆలుగడ్డని రాత్రంతా వంటగది గట్టు మీద వదిలేయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. "ఉడికిందే కదా, ఏమవుతుంది" అంటారు. ఆలుగడ్డ మట్టిలో పెరుగుతుంది. మట్టిలో ఉండే కొన్ని బ్యాక్టీరియా గింజలాంటి రూపంలో, అంటే సిద్ధబీజాలుగా, గడ్డకి అంటుకుని వస్తాయి. వంద డిగ్రీల దగ్గర ఉడికినా అవి చావవు. గోరువెచ్చగా, తడిగా, గాలి తగలని చోటు దొరికితే మొలకెత్తుతాయి.

1994లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఎల్ పాసోలో ఒక రెస్టారెంట్‌లో తిన్న 30 మంది బొటులిజం అనే తీవ్రమైన విషప్రభావానికి గురయ్యారు. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి కాల్చిన ఆలుగడ్డల్ని అలాగే కొన్ని రోజులు గది వేడిలో ఉంచి, వాటితో చట్నీ లాంటిది చేశారని తేలింది. ఫాయిల్ గాలిని ఆపేసింది, మిగతాది బ్యాక్టీరియా చూసుకుంది. ఇది తరచూ జరిగేది కాదు. కానీ నూనెలో ముంచిన వెల్లుల్లి, ఆకులు, ఉడికిన ఆలుగడ్డ కలిసి మూత పెట్టిన డబ్బాలో బయట ఉంటే, అదీ ఆ ఫాయిల్ లాంటి చోటే.

కాబట్టి స్టవ్ మీంచి దించిన రెండు గంటల్లోపు డబ్బా ఫ్రిజ్‌లో ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో గంటలోపే. వేడివేడిగా లోతైన గిన్నెలో కుక్కి పెడితే మధ్యలో చల్లారడానికి గంటలు పడుతుంది, అందుకే పళ్లెంలో పరవమన్నాను. మర్నాడు, మరీ అయితే ఆ మర్నాటికి వాడేయండి. రాత్రి నాలుగు గంటలకు మించి కరెంటు పోయిందా, ఆ డబ్బా గురించి ఇక ఆలోచించకండి. వాసన బాగానే ఉందని పిల్లలకి పెట్టవద్దు. వాసన చూసి ఈ విషాన్ని ఎవరూ కనిపెట్టలేరు.

బాక్స్ విషయం. ఆరింటికి సర్దిన బాక్స్ లంచ్ బెల్ కొట్టేసరికి ఆరు గంటల పాతది అవుతుంది. ఎండాకాలంలో బస్సులో, బ్యాగులో అది ఎంత వేడిలో ఉంటుందో మనం చూడం. వేడి నిలిపే ఇన్సులేటెడ్ డబ్బా ఉంటే ముందు దాంట్లో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి, వంపేసి, పొగలు కక్కుతున్న ముక్కల్ని వెంటనే వేసి మూత పెట్టండి. కరకర పోతుంది, కానీ భయం ఉండదు. మామూలు డబ్బా అయితే ఈ ముక్కల్ని లంచ్‌కి కాకుండా మొదటి బ్రేక్ స్నాక్స్‌గా పంపండి. పెరుగు, పచ్చి ఉల్లిపాయ, పచ్చికొబ్బరి దీంట్లో కలపవద్దు.

ఇంకొక్కటి, ఇది అమ్మలకే. సాయంత్రం సగం మిగిలి తిరిగొచ్చిన బాక్స్‌లోది "అన్యాయంగా పారేయడమెందుకు" అని మీరు తినేయకండి. పిల్లాడికి పనికిరానిది మీకూ పనికిరాదు. మిగులుతోందంటే మర్నాడు నాలుగు ముక్కలు తక్కువ పెట్టండి.

ఈ నెల ఇంటి ప్రయోగం

ఆదివారం పిల్లలతో చేయించండి. ఆరో తరగతి పైవాళ్లకి చాకు ఇచ్చి పక్కన ఉండండి, చిన్నవాళ్లకి ఆకులు గిల్లడం, వాము నలపడం ఇవ్వండి. నాన్నలు కూడా ఉంటే ఇంకా మంచిది, తరిగే చేతులు పెరుగుతాయి.

ఒకే గడ్డలోంచి ఒకే సైజు ముక్కలు పన్నెండు కోయండి. నాలుగు పచ్చివి ఒక గిన్నెలో వేసి అరచెంచా ఉప్పు చల్లి పక్కన పెట్టండి. నాలుగింటిని మంచినీళ్లలో, నాలుగింటిని చిక్కటి చింతపండు నీళ్లలో వేసి రెండు స్టవ్‌ల మీద ఒకేసారి పన్నెండు నిమిషాలు ఉడికించండి. ఒక్కో ముక్కలో అగ్గిపుల్ల గుచ్చి ఎంత లోతు దిగిందో స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాయమనండి. ఉప్పు చల్లిన గిన్నెను రెండు గంటల తర్వాత వంచి చూడండి, ఎన్ని చెంచాల నీళ్లొచ్చాయో కూడా రాయాలి. మంచినీళ్లలో ఉడికిన నాలుగు ముక్కలకి మాత్రం వాము నూనె పట్టించి పెనం మీద వేయండి, శ్రమపడ్డవాళ్లు తినాలి కదా.

ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆ కొలతల పేజీని సోమవారం సైన్స్ పీరియడ్‌కి తెస్తే బోర్డు మీద అందరివీ కలిపి గ్రాఫ్ గీస్తాం. మీ ఇంట్లో లెక్క నేను చెప్పినదానికి తేడాగా వస్తే దాన్ని కూడా అలాగే రాసి పంపండి, దిద్దవద్దు.